ఎవరి మాట చెల్లుతుంది? ఎర్రగుంట్ల తరగతి గదిలో ఒథెల్లో

డిగ్రీ పిల్లలు కొనుక్కునే గైడ్లలో 'ఒథెల్లో' నాటకం మీద తప్పనిసరిగా కనిపించే ప్రశ్న ఒకటుంది. ఒథెల్లో పతనానికి దారితీసిన లోపం ఏమిటి? జవాబు: జెలసీ. దాని కింద తెలుగు అర్థం: అసూయ. ఈ ఒక్క అర్థం దగ్గరే నాటకం పిల్లల చేతుల్లోంచి జారిపోతుంది. అసూయ అంటే ఎదుటివాళ్ళకి ఉన్నదాన్ని చూసి ఓర్చుకోలేకపోవడం. కాసియోని చూసి ఒథెల్లో ఓర్చుకోలేకపోవడానికి ఏముంది? తాను సేనాధిపతి, కాసియో తన కింద పనిచేసేవాడు. ఈ నాటకంలో అసూయ ఉన్నది ఇయాగోకి. భార్య విషయంలో మొగుడికి వచ్చేదాన్ని మన ఇళ్ళల్లో ఎవరూ అసూయ అనరు. అనుమానం అంటారు. అలాంటి మనిషిని అనుమానపు పక్షి అంటారు.

అనుమానం అనే మాట ఇంకోచోట కూడా రోజూ కనిపిస్తుంది. దినపత్రికల జిల్లా పేజీల్లో భార్య హత్య వార్త చాలాసార్లు 'అనుమానం పెనుభూతమై' అని మొదలవుతుంది. ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. చంపింది అనుమానం. మొగుడు ఆ భూతం పట్టిన మనిషి మాత్రమే. చచ్చిపోయిన ఆమె మీద ఎంత జాలి పడాలో, భూతం పట్టినందుకు అతని మీదా అంత జాలి పడాలి. 'ట్రాజిక్ ఫ్లా' అనే మాట తరగతి గదిలో చేసే పని కూడా ఇదే. ఉత్తముడైన నాయకుడు, అతనిలో ఒక లోపం, ఆ లోపం వల్ల పతనం, మనకి జాలీ భయమూ. ఈ లెక్కలో పతనమయ్యేవాడు ఒథెల్లో. డెస్డిమోనా ఆ పతనంలో జరిగిన నష్టం. గైడుకీ జిల్లా పేజీకీ వ్యాకరణం ఒకటే.

అయితే అనుమానం అనే మాటకి తెలుగులో ఇంకో అర్థం ఉంది. అది తెలుగు శాఖ మిత్రులకి బాగా తెలుసు. తర్కశాస్త్రంలో అనుమానం ఒక ప్రమాణం. కళ్ళారా చూసి తెలుసుకునేది ప్రత్యక్షం. పొగని చూసి నిప్పు ఉందని ఊహించేది అనుమానం. నమ్మదగిన మనిషి మాటని బట్టి తెలుసుకునేది శబ్దం, అంటే ఆప్తవాక్యం. మూడో అంకంలో ఒథెల్లో ఇయాగోని అడిగేది ప్రత్యక్ష ప్రమాణం. కళ్ళకి కనపడేలా రుజువు చూపించమంటాడు. ఇయాగో అది కుదరదని చెప్పి, గట్టి ఆనవాళ్ళు ఇస్తానంటాడు. అంటే అనుమాన ప్రమాణం. ఇక శబ్ద ప్రమాణం సంగతేమిటి? ఇయాగో నిజాయితీపరుడని నాటకం పొడుగునా మగవాళ్ళందరూ అంటూనే ఉంటారు. అతని మాట ఆప్తవాక్యం. పెళ్ళాం మాట కాదు. ఈ కోణం నుంచి చూస్తే 'ఒథెల్లో' ఒక మగవాడి మనోవికారం గురించిన నాటకంలా కనపడదు. సాక్ష్యం గురించిన నాటకంలా కనపడుతుంది. ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి మాట చెల్లదు అన్నదే అందులో విషాదం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఈ ఆలోచన నాకు పుస్తకాలలోంచి కంటే పాఠం చెబుతున్న చోటు నుంచి ఎక్కువగా వచ్చింది. ఎర్రగుంట్ల గుంతకల్లు–రేణిగుంట రైలు మార్గంలో కడపకి ముందు వచ్చే జంక్షన్. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, బండలు కోసి నునుపు చేసే యూనిట్లు, ఆర్‌టీపీపీ అని అందరూ పిలిచే థర్మల్ విద్యుత్ కేంద్రం. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదిగా చెప్పే రేనాటి చోళుల శాసనం, క్రీ.శ. 575 నాటిది, ఈ మండలంలోని కలమల్లదే. రాతి మీద నిలిచిన తొలి తెలుగు మాట రాజు మాట. శాసనం అంటేనే ఆజ్ఞ.

నా తరగతిలో పిల్లలు నాపరాయి కూలీల పిల్లలు, ఫ్యాక్టరీ కాంట్రాక్టు పనివాళ్ళ పిల్లలు, శనగా పత్తీ వేసుకునే చిన్న రైతుల పిల్లలు. ఇంట్లో ఇంగ్లిషు వాక్యం చదివినవాళ్ళు తామే మొదలు. ఆడపిల్లలకి డిగ్రీ మూడేళ్ళంటే పెళ్ళి మూడేళ్ళు వాయిదా పడటం. వాళ్ళతో నేను ఇంగ్లిషు వాక్యం పైకి చదివించి, దాని గురించి తెలుగులో మాట్లాడిస్తాను. ఇంగ్లిషు తరగతిలో తెలుగు వినపడకూడదనే వాదన నాకు తెలుసు. కానీ ఆ నియమం పాటించి ఉంటే జెలసీకి జెలసీయే అర్థంగా ఉండిపోయేది. 'మేడం, ఇది అసూయ కాదు, అనుమానం కదా' అనే ప్రశ్నే పుట్టేది కాదు.

సాక్ష్యం అనే కోణం నుంచి మొదటి అంకం చదివితే ఒక విశేషం కనపడుతుంది. ఈ నాటకం విచారణతో మొదలవుతుంది. తన కూతురికి మందు పెట్టి, మంత్రం వేసి లొంగదీసుకున్నాడని బ్రబాన్షియో ఒథెల్లో మీద వెనిస్ పెద్దల ముందు ఫిర్యాదు చేస్తాడు. ఒథెల్లో తన కథ చెప్పుకుంటాడు. అంతటితో ఆగడు. ఆమెనే పిలిపించి అడగండి, ఆమె నా గురించి చెడుగా చెబితే నా పదవితోపాటు ప్రాణం కూడా తీసుకోండి అంటాడు. డెస్డిమోనా వస్తుంది. నిండు సభలో, కన్నతండ్రి ముందు, తాను ఇష్టపడే పెళ్ళి చేసుకున్నానని చెబుతుంది. ఆమె మాటతో ఆ ఫిర్యాదు కొట్టుకుపోతుంది. అంటే ఒక ఆడమనిషి సాక్ష్యం ఒక నల్లవాడి ప్రాణాన్ని కాపాడింది.

అయిదో అంకానికి వచ్చేసరికి నేరం మోపింది ఒథెల్లో, తీర్పు చెప్పేదీ ఒథెల్లోయే. కాసియోని పిలిపించి అడగమని ఇప్పుడు డెస్డిమోనా వేడుకుంటుంది. సరిగ్గా మొదటి అంకంలో అతను అడిగినదే. కాసియో నోరు మూతపడిందంటాడు. ఈ ఒక్క రాత్రి బతకనివ్వమంటుంది, చివరికి అరగంట అడుగుతుంది. అదీ ఇవ్వడు. తనకి దొరికిన న్యాయాన్ని ఆమెకి ఇవ్వకపోవడమే ఒథెల్లో చేసిన నేరం. దీన్ని లోపం అంటే సరిపోతుందా?

ఒథెల్లో నేరాన్ని ఇలా చెప్పేటప్పుడు జాగ్రత్త కూడా అవసరం. మొదటి దృశ్యం చదివాక వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, 'ఆయప్ప పేరు ఒక్కసారి కూడా రాలేదు మేడం' అన్నాడు. నిజమే. ఆ దృశ్యంలో ఒథెల్లోని మూర్ అంటారు, పెదవుల గురించి అంటారు, జంతువులతో పోలుస్తారు. పేరుతో మాత్రం పిలవరు. పెద్దల సభలో డ్యూక్ అతన్ని పేరు పెట్టి పిలుస్తాడు, ఎందుకంటే టర్కీ నౌకలు సైప్రస్ మీదికి వస్తున్నాయి, అతనితో పనిబడింది. ఆ అబ్బాయి ఇంకో మాట కూడా అన్నాడు: 'మా జేజినాయన్ను గూడా ఊర్లో పేరు పెట్టి పిలిచేటోళ్ళు కాదు.' ఆ తర్వాత ఏం చెప్పాల్సిన పని లేకపోయింది. తరగతి అంతటికీ అర్థమైంది.

అందుకే ఒథెల్లో హింసని అతని రంగుకో పుట్టుకకో అంటగట్టే చదువుని మనం ఒప్పుకోకూడదు. ఆ చదువు ఇయాగో చదువు. 1993లో 'నీలి మేఘాలు' వచ్చినప్పటి నుంచి 2003లో 'నల్లపొద్దు' వచ్చేదాకా మన స్త్రీవాద సాహిత్యంలో జరిగిన చర్చంతా ఈ విషయమే నేర్పింది. ఆడవాళ్ళందరి అణచివేతా ఒకే రకం కాదు, మగవాళ్ళందరి అధికారమూ ఒకే రకం కాదు. ఒథెల్లో మాట వెనిస్‌లో అప్పటి అవసరం మీద చెల్లింది. ఇంట్లో డెస్డిమోనా మాట చెల్లాలంటే అతని దయ కావాలి. బయట తన మాట ఎంత పలచగా నిలబడి ఉందో తెలిసిన మనిషి, ఇంట్లో తన మాటే శాసనం కావాలనుకున్నాడు. ఇది అతని చేసిన పనికి సమర్థన కాదు. ఆ పని ఏ నేలలో మొలిచిందో చెప్పడం మాత్రమే.

ఇక అనుమానానికి విత్తనం వేసింది ఎవరు? అందరూ ఇయాగో అంటారు. కానీ ఇయాగో కంటే ముందు విత్తనం వేసినవాడు తండ్రి. సభలో ఓడిపోయిన బ్రబాన్షియో పోతూ పోతూ అల్లుడికి హెచ్చరిక చేస్తాడు: తండ్రిని మోసగించిన పిల్ల నిన్నూ మోసగించగలదు. మూడో అంకంలో ఇయాగో చేసిందల్లా ఆ మాటని గుర్తుచేయడం. ఆమె మిమ్మల్ని పెళ్ళి చేసుకుంటూ తండ్రిని మోసం చేసింది కదా, తన ఊరివాళ్ళని, తన రంగువాళ్ళని కాదనుకుంది కదా అంటాడు. అంటే ఆమె ధైర్యంగా చేసిన ఒకే ఒక పని, తన ఇష్టప్రకారం పెళ్ళి చేసుకోవడం, ఆమె మీద మొదటి రుజువైంది. ఏ మగవాడి కోసం ఆ ధైర్యం చేసిందో అతనే ఆ రుజువుని ఒప్పుకున్నాడు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కూతురి భర్తని పట్టపగలు నరికించిన కేసు మన పిల్లలందరికీ తెలుసు. అక్కడ తండ్రి కోపం అల్లుడి మీద పడింది. ఇక్కడ తండ్రి మాట అల్లుడి నోటికి ఎక్కి కూతురి మీద పడింది. దారులు వేరు. 'తనంతట తాను ఎంచుకున్నది' అన్న నేరం మాత్రం ఒకటే.

తర్వాత రుమాలు. దీని మీద మగ విమర్శకులు మూడు వందల ఏళ్ళుగా నవ్వుతున్నారు. 1693లో థామస్ రైమర్ అనే ఆయన, ఒక చేతిగుడ్డ కోసం ఇంత రాద్ధాంతమా అని వెక్కిరించి, భార్యలు తమ గుడ్డలు జాగ్రత్తగా చూసుకోవాలన్నదే ఈ నాటకం చెప్పే నీతి అని తేల్చేశాడు. మా తరగతిలో ఎవరూ నవ్వలేదు. మెట్టె జారిపోతే, నల్లపూస తెగితే ఇంట్లో ఎంత గొడవవుతుందో తెలిసిన పిల్లలు వాళ్ళు. తెలుగు పాఠంలో శకుంతల కథ చదివిన పిల్లలు కూడా. శకుంతల ఉంగరమూ నీళ్ళలో జారిపోయింది. ఉంగరం లేకపోయేసరికి కడుపుతో ఉన్న మనిషి మాట నిండు సభలో చెల్లలేదు. రెండు కథల్లోనూ వస్తువు మాట్లాడుతుంది, ఆడమనిషి మాట్లాడినా వినపడదు. సంస్కృత నాటకం విషాదంతో ముగియకూడదు కాబట్టి అక్కడ చేప కడుపులోంచి ఉంగరం తిరిగొచ్చింది. ఇక్కడ రుమాలు సంగతి బయటపడేసరికి ఆమె చచ్చిపోయింది.

రుమాలు దగ్గర ఇంకో విషయాన్ని ఒక అమ్మాయి పట్టుకుంది. మూడో అంకంలో ఒథెల్లో ఆ రుమాలుని ఒక ఈజిప్టు స్త్రీ తన తల్లికి ఇచ్చిందని, దానిలో మహిమ ఉందని చెబుతాడు. అయిదో అంకంలో తన తండ్రి తల్లికి ఇచ్చాడంటాడు. 'ఇంతకూ ఎవరిచ్చినారు మేడం?' విమర్శకులు దీనికి రకరకాల సమాధానాలు చెప్పారు. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. ఒథెల్లో మాట మార్చినా నాటకంలో ఎవరూ అతన్ని అబద్ధాలకోరు అనలేదు. డెస్డిమోనా ఒక్కసారి భయపడి, రుమాలు పోలేదు అన్నందుకు ఆమె పుట్టుకే అబద్ధమైపోయింది.

ఆ రుమాలు ఎక్కడ ఉందో తెలిసిన ఆడమనిషి ఒకతె ఉంది. ఇయాగో భార్య ఎమీలియా. రుమాలు నేల మీద దొరికితే తీసి మొగుడికిచ్చింది. ఎందుకివ్వాలి? చాలాకాలంగా అడుగుతున్నాడు కాబట్టి, ఇస్తే ఆ పూటకి సంతోషిస్తాడు కాబట్టి. తర్వాత డెస్డిమోనా, రుమాలు ఎక్కడ పోగొట్టుకున్నానో అని ఆమెనే అడుగుతుంది. ఎమీలియా తెలియదంటుంది. నా ఉద్దేశంలో ఈ నాటకం మొత్తంలో అత్యంత భయంకరమైన మాట అది. ఇయాగో చెప్పే అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్కటీ ఒక ఎత్తు. ఎమీలియా చెడ్డది కాదు. మొగుడి గుట్టు బయటపెట్టకూడదని నేర్చుకున్న మనిషి. పక్క గదిలో ఏం జరుగుతోందో తెలిసి, తనకెందుకులే అని పొయ్యి దగ్గరికి పోయే తోడికోడలు మన ప్రతి వీధిలో ఉంది. ఆమెను తప్పుపట్టడం తేలిక. ఆ నోరు ఎవరు మూయించారని అడగడం కష్టం.

ఇక డెస్డిమోనా చివరి మాటలు. గొంతు నులిమిన తర్వాత ఒక్క క్షణం ఆమెకి ఊపిరి వస్తుంది. ఈ పని ఎవరు చేశారని ఎమీలియా అడుగుతుంది. ఎవరూ కాదని, తానేనని చెప్పి, తన భర్తకి తన నమస్కారం చెప్పమని ప్రాణం విడుస్తుంది. గైడు దీన్ని ఆదర్శ పాతివ్రత్యం అంటుంది. ఈ చోటికి వచ్చినప్పుడు ముందు బెంచీలోంచి ఒక పిల్ల చాలా మెల్లగా, 'స్టవ్ పేలిందని చెప్తారు సూడండి మేడం, అట్ల' అంది. ఎవరు చెప్పారని తరగతిలో ఎవరూ అడగలేదు. కొందరు పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు.

చావబోయే మనిషి అబద్ధమాడదనే నమ్మకం మీద మన చట్టంలో మరణ వాంగ్మూలానికి ప్రత్యేకమైన విలువ ఇచ్చారు. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 32వ సెక్షన్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 26వ సెక్షన్. కానీ పిల్లల భవిష్యత్తు, పుట్టింటి పరువు, పక్కనే నిలబడిన అత్తా ఆడబిడ్డా, ఇవన్నీ మంచం చుట్టూ ఉండగా కాలిన ఒంటితో ఆమె ఏం చెబుతుంది? ఆడమనిషి మాట జీవితమంతా చెల్లలేదు. చెల్లే సమయం వచ్చేసరికి, మొగుణ్ణి కాపాడే మాట తప్ప ఇంకో మాట ఆమెకి మిగలలేదు. డెస్డిమోనా చెప్పిన ఆ మాటకి ఒథెల్లో స్పందన ఏమిటో కూడా చూడాలి. అబద్ధం చెప్పి నరకానికి పోయిందంటాడు. తనని కాపాడటానికి ఆడిన అబద్ధాన్ని కూడా ఆమె అబద్ధాలకోరు అనడానికి రుజువుగా వాడుకున్నాడు. హత్యని మాత్రం తానే చేశానని అక్కడే ఒప్పుకుంటాడు. ఆమె సాక్ష్యం ఆ ఇంట్లో ఎవరికీ అక్కరకి రాలేదు.

షేక్‌స్పియర్ ఈ కథని ఇటలీ రచయిత జిరాల్డి చింతియో 1565లో ప్రచురించిన కథల సంపుటిలోంచి తీసుకున్నాడు. ఆ మూలకథ విన్నప్పుడు మా పిల్లలు మరీ నిశ్శబ్దమయ్యారు. అందులో సేనాధిపతీ అతని కింద అధికారీ కలిసి, ఇసక నింపిన మేజోడుతో ఆమెను కొట్టి చంపుతారు. తర్వాత పైకప్పు ఆమె మీద కూలేలా చేసి, ప్రమాదం అని లోకాన్ని నమ్మిస్తారు. 460 ఏళ్ళ నాటి ఇటలీ కథలోని పైకప్పుకీ మన స్టవ్‌కీ తేడా ఏముంది? ఆ కథలో ఆ అధికారి భార్యకి మొగుడి కుట్ర అంతా తెలుసు. మొగుడికి భయపడి నోరు విప్పదు. అందువల్ల బతికి బయటపడుతుంది. తర్వాత ఎప్పుడో, అతను చచ్చాక, జరిగింది చెబుతుంది.

షేక్‌స్పియర్ మార్చింది ఇక్కడ. అతని ఎమీలియాకి కుట్ర తెలియదు, రుమాలు సంగతి మాత్రమే తెలుసు. అసలు సంగతి అర్థమైన క్షణంలో అందరి ముందూ నోరు విప్పుతుంది. ఇయాగో నోరు మూసుకోమంటాడు, ఇంటికి పొమ్మంటాడు. మొగుడి మాట వినడం ధర్మమే కానీ ఇప్పుడు వినను, బహుశా ఇక ఎప్పటికీ ఇంటికి పోను అని పెద్దమనుషుల అనుమతి అడిగి మరీ మాట్లాడుతుంది. దేవుళ్ళూ మనుషులూ దయ్యాలూ అందరూ కలిసి సిగ్గుచేటని అరిచినా మాట్లాడతానంటుంది. మాట్లాడుతుంది. ఇయాగో కత్తితో పొడుస్తాడు. మౌనంగా ఉన్నప్పుడు బతికిన స్త్రీ, మాట్లాడితే చచ్చిపోయే స్త్రీగా మారింది. ఈ మార్పుని ఎలా అర్థం చేసుకోవాలన్నది ఆడవాళ్ళం మనం తేల్చుకోవలసిన ప్రశ్న. నాకు మాత్రం ఇది స్పష్టం: నాటకంలో నిజం బయటపడింది ఆమె నోటి నుంచే. ఏ డ్యూకూ ఏ విచారణా బయటపెట్టలేదు.

అలాంటి ఎమీలియా నోటిని అచ్చులో కూడా మూశారు. 'ఒథెల్లో' మొదటిసారి విడి పుస్తకంగా 1622లో వచ్చింది, తర్వాత 1623లో మొత్తం నాటకాల సంపుటిలో వచ్చింది. నాలుగో అంకం చివర, పడకకి ముందు, భార్యలు తప్పు చేస్తే అది మొగుళ్ళ తప్పని, వాళ్ళకిలాగే మాకూ రుచులున్నాయి, కోరికలున్నాయని ఎమీలియా చెప్పే ఒక ప్రసంగం ఉంది. 1622 ప్రతిలో అది లేదు. 1623 ప్రతిలో ఉంది. రచయిత తర్వాత చేర్చాడా, ముందున్నదాన్ని ఎవరైనా తీసేశారా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. మన గైడ్లలో ఆ వాదన లేదు, ఆ ప్రసంగమూ లేదు. అమెరికాలో స్త్రీవాద విమర్శకురాలు కేరల్ థామస్ నీలీ 1970ల చివర్లో ఈ నాటకం మీద రాస్తూ, విమర్శకులందరూ ఒథెల్లో పక్షమో ఇయాగో పక్షమో అయిపోయారని, తాను ఎమీలియా పక్షమని ప్రకటించింది. ఎర్రగుంట్లలో ఆ పక్షానికి బలం ఎక్కువే.

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ, మన గడ్డకి ఏం సంబంధం అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకి రాయలసీమ నాటక చరిత్రే జవాబు. ఎర్రగుంట్ల మీదుగా పోయే రైలు మార్గంలోనే తాడిపత్రి వస్తుంది. బళ్ళారి రాఘవ పుట్టిన ఊరు. బళ్ళారిలో ఆయన షేక్‌స్పియర్ నాటకాలు ఆడారు, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. ఇంగ్లండులో వృత్తి నాటకరంగం మీద మొదటిసారి ఒక స్త్రీ నిలబడింది 1660 డిసెంబరులో అంటారు. ఆమె వేసిన పాత్ర డెస్డిమోనా. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచక వధ'తో మొదలైన నాటక సమాజంలో స్త్రీలే స్త్రీ పాత్రలు వేశారు. రాజసభలో తన మాట చెల్లని సైరంధ్రి కథ అది. రాఘవ మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన 'విషాద సారంగధర'ని తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెబుతారు. సవతి కొడుకు మీద చిత్రాంగి నింద వేస్తుంది, రాజు విచారించకుండా కొడుక్కి శిక్ష వేయిస్తాడు.

ఈ రెండు విషాదాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట మొగుడు భార్య మాట నమ్మాడు. ఇంకోచోట నమ్మలేదు. రెండుచోట్లా విచారణ లేదు. రెండుచోట్లా శిక్షించే చెయ్యి ఒకే రకం చెయ్యి. కానీ మన జ్ఞాపకంలో సారంగధర కథ చిత్రాంగి కపటం కథగా మిగిలింది, రాజు తొందరపాటు కథగా మిగల్లేదు. కొడుక్కని చూసిన పిల్లని ముసలి రాజు తానే చేసుకున్నాడని చెప్పే కథనాలు కూడా ఉన్నాయి. ఆ పిల్లని ఎవరూ అడగలేదు. నమ్మితే ఆడదాన్ని నమ్మినందుకు చెడ్డాడంటారు, నమ్మకపోతే అనుమానం పెనుభూతమైందంటారు. చెయ్యి మాత్రం ఎప్పుడూ నిర్దోషే.

పరీక్షల విషయానికొస్తే, ఇదంతా విన్నాక ఆడపిల్లలు అడిగే మొదటి ప్రశ్న, 'ఇట్ల రాస్తే మార్కులు పడతాయా మేడం?' ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. వాళ్ళకి మార్కులంటే ఇంకో రెండేళ్ళ చదువు, బహుశా ఒక ఉద్యోగం, తమ మాట చెల్లే ఒక చోటు. వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలుగా ఒకే జవాబు దిద్దిన అనుభవం నాకూ ఉంది. అందుకని రెండూ నేర్పుతాను. ట్రాజిక్ ఫ్లా అంటే ఏమిటో, 1904లో బ్రాడ్లీ ప్రచురించిన ఉపన్యాసాల నుంచి ఆ చదువు మన కాలేజీల దాకా ఎలా వచ్చిందో చెబుతాను. 1927లో ఎలియట్, 1937లో లీవిస్ ఒథెల్లో ఉదాత్తతనే ప్రశ్నించారని కూడా చెబుతాను. పెద్ద పేర్లు పక్కన ఉంటే దిద్దేవాళ్ళు మార్కులు కోయడానికి వెనకాడతారు. ఆ పేర్ల నీడలో పిల్లలు తమ మాట కూడా రాసుకోవచ్చు.

చివరి దృశ్యంలో ఇద్దరు చనిపోతూ రెండు కోరికలు కోరతారు. ఒథెల్లో తన గురించి పైవాళ్ళకి ఎలా రాయాలో చెబుతాడు. తెలివిగా కాకపోయినా గాఢంగా ప్రేమించినవాడినని, తేలిగ్గా అనుమానపడే మనిషిని కానని, ఒకసారి కలతపెడితే మాత్రం హద్దు మీరిపోయానని రాయమంటాడు. నాలుగు వందల ఏళ్ళుగా విమర్శకులూ గైడ్లూ దాదాపు అతను చెప్పినట్టే రాస్తున్నారు. హంతకుడి వాంగ్మూలమే పాఠ్యపుస్తకమైంది. ఎమీలియా తన గురించి ఏమీ రాయమనలేదు. తనని డెస్డిమోనా పక్కన పడుకోబెట్టమంది, అంతే. ఆ కోరిక ఎవరైనా తీర్చారో లేదో నాటకంలో స్పష్టంగా లేదు. ఈసారి మా ఇంటర్నల్ పరీక్షలో దాని మీద అయిదు మార్కుల ప్రశ్న ఒకటి ఇస్తున్నాను.